‘డిడ్ నాట్ కేమ్’ అనే తప్పును తెలుగుతోనే దిద్దుకోవచ్చు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ విద్యార్థి పేజీలో 120 ఇంగ్లీషు క్రియలకు మూడేసి రూపాలు పట్టికగా వేసి, రోజుకు పది చొప్పున కంఠస్థం చేస్తే పన్నెండు రోజుల్లో భూతకాలం పట్టుబడుతుందని రాశారు. పట్టిక పనికొచ్చేదే, దాన్ని కత్తిరించి నా నోటుపుస్తకం వెనక అట్టకు అతికించుకున్నాను కూడా. అయితే భూతకాలం ఆ దారిన పట్టుబడదని, అటువంటి పట్టికను పద్నాలుగు నెలలుగా వల్లె వేస్తున్నవాడిగా చెప్పదలచుకున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, మన్నించగలరు.

నేను ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అమెరికాలో పుట్టి పెరుగుతున్న మనవడు ప్రతి శనివారం వీడియో కాల్‌లో ‘తాతా, వాట్ డిడ్ యు డూ యెస్టర్‌డే?’ అని అడగడం, నేను నవ్వి ఫోను మా ఇంటావిడ చేతికి ఇవ్వడం ఏడాదిపాటు జరిగాక, ఇక లాభం లేదనుకుని మా ఊళ్లో ఒక స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణ కేంద్రంలో చేరాను. అక్కడ గోడ మీద పన్నెండు కాలాల పట్టిక, దాని కింద బల్ల మీద ఒక రేకు డబ్బా ఉండేవి. తరగతిలో తెలుగు మాట దొర్లితే ఆ డబ్బాలో పది రూపాయలు వేయాలి. నెల తిరిగేసరికి ‘ఐ హాడ్ బీన్ గోయింగ్’ వరకు అన్ని గళ్లూ తడుముకోకుండా అప్పజెప్పగలిగాను. ఆ శనివారం మనవడు మామూలు ప్రశ్నే వేశాడు. ముందురోజు మా వంటింటి కిటికీలోంచి కోతి చెయ్యి పెట్టి అరటిపళ్ల అత్తం ఎత్తుకుపోయింది. కమ్, కేమ్, కమ్. టేక్, టుక్, టేకెన్. రన్, రాన్, రన్. కావలసిన క్రియలన్నీ నాలుక మీదే ఉన్నా, ఆ కోతి కథ మాత్రం నోట్లోంచి రాలేదు. ఫోను మళ్లీ మా ఇంటావిడ చేతికే వెళ్లింది.

మా పక్క వాటాలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఇంగ్లీషులో ఖాళీలు పూరించే పరీక్షలో ఇరవైకి ఇరవై తెచ్చుకుని ఆ కాగితం నాకు చూపించడానికి వచ్చింది. బ్రాకెట్లో క్రియ ఇచ్చి సరైన రూపం రాయమన్న చోటల్లా తప్పు లేకుండా రాసింది. సంతోషించి, రాత్రి కరెంటు సంగతి ఇంగ్లీషులో చెప్పమని అడిగాను. ‘పవర్ వెంట్ ఎట్ నైన్, తాతగారూ. ఇట్ డిడ్ నాట్ కేమ్ అంటిల్ ట్వెల్వ్’ అంది. మొదటి వాక్యంలో క్రియ సరిగ్గానే ఉంది, రెండోదానిలో కాలు జారింది. కాగితం మీద ఇరవైకి ఇరవై తెచ్చుకున్న పిల్లకు నోటి మాటలో ఆ పొరపాటు ఎందుకు జరిగిందో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. పట్టికలో ‘కేమ్’ అనే మాట భూతకాలం గడిలో ఉంది, జరిగింది నిన్న రాత్రి, కనుక ‘కేమ్’ వాడాలి అని ఆ పిల్ల తర్కం. తర్కంలో తప్పు లేదు. పట్టికలోనే వ్యతిరేకానికి చోటు లేదు.

ఇక్కడే నా పాత వృత్తి నాకు అక్కరకు వచ్చింది. మన తెలుగులో ‘వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి’ అని భూతకాల క్రియకు ఏడు రూపాలు ఉన్నాయి. ఎవరు వచ్చారో క్రియ చివరే తెలిసిపోతుంది. కానీ రాకపోతే ఏమంటాం? నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, అవి రాలేదు. ఏడు రూపాలూ ఎగిరిపోయి ‘రా’ అనే మొండెం, దాని పక్కన ‘లేదు’ మిగులుతాయి. వ్యాకరణంలో తుమున్నర్థకం అనే ఈ మొండానికి కాలమూ లేదు, పురుషా లేదు. కాలం బరువంతా ‘లేదు’ మోస్తుంది. ఇంగ్లీషులో జరిగేది అచ్చంగా ఇదే. ‘కేమ్’ పోయి ‘కమ్’ అనే మొండెం మిగులుతుంది, కాలం బరువు ‘డిడ్ నాట్’ మోస్తుంది. ‘డిడ్ నాట్ కేమ్’ అనడం మన భాషలో ‘వాడు వచ్చాడులేదు’ అనడం లాంటిది. అలా అక్షరాలు రాని ముసలమ్మ కూడా అనదు. (‘వాడు వచ్చిందీ లేదు, కబురు పెట్టిందీ లేదు’ అని విసుక్కునేటప్పటి మాట వేరు. అది వేరే నిర్మాణం, దాని రుచి వేరు.)

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి వచ్చింది–రాలేదు, తెచ్చింది–తేలేదు, ఇచ్చింది–ఇవ్వలేదు అని ఒక వరుస, వాటి పక్కనే కేమ్–డిడ్ నాట్ కమ్, బ్రాట్–డిడ్ నాట్ బ్రింగ్, గేవ్–డిడ్ నాట్ గివ్ అని మరో వరుస రాసి చూపించాను. ‘అదేంటి, మన దాంట్లోనూ ఇంతేనా!’ అంది. ఆ మాట పైకి తేలికగా కనిపించినా, తొమ్మిదేళ్లు బడిలో ఇంగ్లీషు చదివిన పిల్లకు తన భాషలో ఇలా ఉందని ఒక్కరూ చెప్పలేదన్నమాట. ఆమెకు ఇప్పుడు ఆ తప్పు దొర్లితే తనే నాలుక కరుచుకుంటోంది.

మరొక సంగతి. మూడు రూపాల పట్టిక చూసిన ప్రతి పిల్లా అడిగే ప్రశ్న, గో అనే మాటకు వెంట్ ఎక్కడినుంచి వచ్చిందని. శిక్షణ కేంద్రంలో నేనూ అడిగితే ‘ఇంగ్లీష్ ఈజ్ ఎ ఫన్నీ లాంగ్వేజ్, సర్’ అన్నారు. ‘వెంట్’ నిజానికి ‘వెండ్’ అనే మరో క్రియకు భూతకాల రూపం. సెండ్–సెంట్, బెండ్–బెంట్ లాగే వెండ్–వెంట్. అది పరాయి ఇంట్లో కాపురానికి వచ్చి స్థిరపడిపోయింది. మనకు మాత్రం తక్కువా? పిలిచేటప్పుడు ‘రా’ అంటాం, వచ్చాక ‘వచ్చాడు’ అంటాం. ఆ రెంటికీ పోలికే లేదని ఏ తెలుగు పిల్లా ఫిర్యాదు చేయదు. ఇంగ్లీషులో అందరూ ఎక్కువగా వాడే పది క్రియలు తీసుకుంటే బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, టేక్, కమ్, సీ వంటివన్నీ దారి తప్పిన రూపాలవే. నోళ్లలో నిత్యం నలుగుతాయి గనుకనే వాటి పాత రూపాలు చెక్కుచెదరలేదు, అరుదుగా పలికే క్రియలు ‘ఎడ్’ అనే కట్టుబాటుకు లొంగిపోయాయి. అందువల్ల 120 క్రియలను అక్షరక్రమంలో ‘అరైజ్’తో మొదలుపెట్టడం కన్నా, ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వాడే ఇరవై క్రియలతో మొదలుపెట్టడం మేలు. తొమ్మిదో తరగతి పిల్లకు ‘అరోజ్’ ఎప్పుడు అవసరపడుతుందో నాకు తెలియదు గాని, ‘ఫర్‌గాట్’ మాత్రం రోజూ పడుతుంది.

ఇక రేకు డబ్బా మాట. ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు తెలుగు నోట రాకూడదనే నియమం ఎక్కడ పుట్టిందో గాని, కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌను మన భాష నేర్చుకున్నప్పుడు తన ఇంగ్లీషును గుమ్మం బయట విడిచి రాలేదు. 1840లో ఆయన అచ్చు వేయించిన తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులోనే ఉంది, తన వాళ్లకు అర్థమయ్యే మాటల్లో మన విభక్తులు, మన క్రియలు విప్పి చెప్పాడు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో లెక్కలకు, సైన్సుకు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చినప్పుడు కిరణజన్య సంయోగక్రియకు తెలుగు తోడు కావాలని పెద్దలు ఒప్పుకున్నారు. మరి ఇంగ్లీషు క్రియకే ఆ తోడు అక్కర్లేదని ఎందుకు అనుకోవాలి?

తోడు అంటే గైడు పుస్తకాల తెలుగు కాదు. అది వేరే బాధ. ‘ఐ హావ్ గాన్’ అంటే ‘నేను వెళ్లియున్నాను’, ‘ఐ హాడ్ గాన్’ అంటే ‘నేను వెళ్లియుంటిని’, ‘ఐ హాడ్ బీన్ గోయింగ్’ అంటే ‘నేను వెళ్లుచు ఉండియుంటిని’ అని వాటిలో అర్థాలు రాస్తారు. ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ‘వెళ్లుచు ఉండియుంటిని’ అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. తెలియని ఇంగ్లీషుకు, ఎవరూ మాట్లాడని తెలుగును అర్థంగా ఇస్తే పిల్లవాడికి రెండు భాషలూ తెలియకుండా పోతాయి.

నిజంగా మనం ఎలా అంటాం? ‘అన్నం తిన్నారా?’ అని అడిగితే ‘తిన్నాను’ అంటాం. ‘నిన్న పెళ్లిలో ఏం తిన్నారు?’ అన్నా ‘పులిహోర తిన్నాను’ అంటాం. మనకు రెంటికీ ఒకే రూపం. ఇంగ్లీషువాడు మొదటిదానికి ‘ఐ హావ్ ఈటెన్’ అని, రెండోదానికి ‘ఐ ఏట్’ అని విడదీస్తాడు. మొదటిదానిలో ఎప్పుడు తిన్నామన్నది లెక్కలోకి రాదు, ఇప్పుడు కడుపు నిండి ఉందన్నదే విషయం. రెండోదానిలో నిన్న అనే రోజు తలుపు మూసుకుంది. కనుక వాక్యంలో నిన్న, మొన్న, పోయిన ఏడాది, 1998లో, పది గంటలకు అనే మాటల్లో ఏది ఉన్నా ‘హావ్’కు ప్రవేశం లేదని గుర్తు పెట్టుకుంటే, ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అని మనందరం చేసే తప్పు చాలావరకు తగ్గుతుంది. నా నోటుపుస్తకంలో మొదటి నెల ఎర్ర సిరా గీతల్లో సగానికి పైగా ఈ ఒక్క తప్పుకే.

‘హాడ్’ సంగతి ఇంకా సులువు. మా తెనాలి స్టేషనులో నిత్యం జరిగేదే చెబుతాను. ‘మేము వెళ్లేసరికి బండి వెళ్లిపోయింది.’ ఇందులో రెండు పనులూ జరిగిపోయినవే, ఒకటి ముందు, ఒకటి తర్వాత. ఆ ముందువెనకలు మనకు ‘సరికి’ చెబుతుంది, ఇంగ్లీషుకు ‘హాడ్’ చెబుతుంది: ‘బై ద టైమ్ వి రీచ్‌డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్.’ నేను పెట్టుకున్న గుర్తు ఏమిటంటే, తెలుగు వాక్యంలో క్రియకు ముందు ‘అప్పటికే’ అనే మాట పెట్టి చూడాలి. అది హాయిగా ఇమిడితే ఇంగ్లీషులో ‘హాడ్’ పెట్టవచ్చు, ఇమడకపోతే వద్దు. ‘పోయిన నెల తిరుపతి వెళ్లాను’ అనే ఒంటరి వాక్యంలో ‘అప్పటికే’ ఇమడదు. అయినా ‘లాస్ట్ మంత్ ఐ హాడ్ గాన్ టు తిరుపతి’ అనే వాక్యం మన ఆఫీసుల్లో, పెళ్లిళ్లలో, ఇంగ్లీషు బాగా వచ్చనుకునే వాళ్ల నోట కూడా వింటాం. బాగా పాతబడిన సంగతి గనుక బరువైన రూపం వాడాలనుకుంటారు కాబోలు. దూరానికీ ‘హాడ్’కూ సంబంధం లేదు. శ్రీకృష్ణదేవరాయలు 1509లో పట్టాభిషిక్తుడైన సంగతి చెప్పడానికి మామూలు భూతకాలం చాలు. పొద్దున బస్సు తప్పిన సంగతికి ‘హాడ్’ కావలసి రావచ్చు.

తెలుగు ఎప్పుడూ సాయమే చేస్తుందని నేను అనను. కొన్ని చోట్ల అదే గోతిలో పడేస్తుంది. ‘తెలుసు’ అనే మాట చూడండి. ‘నాకు తెలుసు’ అంటాం, ‘ఆ రోజుల్లో నాకు ఆయన తెలుసు’ అంటాం. రెండుచోట్లా అదే ‘తెలుసు’. ‘తెలిసింది’ అంటే అర్థం మారి, అప్పుడే కబురు అందిందని వస్తుంది. ఈ క్రియకు మనవైపు సరైన భూతకాలం లేకపోవడంతో ఇంగ్లీషులో తడుముకుని ‘ఐ వాజ్ నోయింగ్ హిమ్’ అంటాం. అది ‘ఐ న్యూ హిమ్’ అని అలవాటయ్యేదాకా చిలకలా పలకడమే తప్ప మరో మార్గం నాకు దొరకలేదు. అలాగే ‘రేపు వస్తానన్నాడు’ అన్నప్పుడు మనం అవతలివాడి మాటను ఉన్నదున్నట్టు ‘అని’తో మూట కట్టి ముందుంచుతాం. ఇంగ్లీషులో ఆ మూట విప్పి, ‘విల్’ను ‘వుడ్’గా మార్చి, రేపును మర్నాడుగా చేయాలి. ‘హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్’ అని ఇంకా నేను అంటూనే ఉన్నాను. విన్నవాళ్లు వచ్చేది నేననుకుంటారు.

మళ్లీ ‘ఏవాణ్ణి’ దగ్గర మన భాష ఆదుకుంటుంది. ‘చిన్నప్పుడు బడికి నడిచి వెళ్లేవాణ్ణి’ అనే వాక్యంలో ఒకనాటి అలవాటు ఉంది. ఇంగ్లీషులో దానికి ‘యూస్డ్ టు’ సరిగ్గా సరిపోతుంది. వెళ్లేవాణ్ణి, వెళ్లేది, వెళ్లేవాళ్లం అనే తోక కనిపించిన చోటల్లా ‘యూస్డ్ టు’ పెట్టి చూడమని ఆ అమ్మాయికి చెప్పాను. ‘మా తాతయ్య యూస్డ్ టు గ్రో టర్మరిక్’ అని వెంటనే వాళ్ల దుగ్గిరాల తాతగారి పసుపు చేను మాట చెప్పింది. ఖాళీలు పూరించే కాగితం మీద ఆ తాతగారికీ ఆ చేనుకూ చోటుండదు.

ఉచ్చారణ మాట ఒక్కటి చెప్పి ముందుకు సాగుతాను. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనుక హల్లుతో, అందులోనూ రెండు మూడు హల్లులతో ముగిసే మాట మన నోటికి ముల్లులా గుచ్చుకుంటుంది. ‘ఎడ్’ అని ఒకే విధంగా రాసినా ‘వర్క్‌ట్’, ‘ప్లేడ్’, ‘వాంటిడ్’ అని మూడు రకాలుగా పలకాలన్నది ఏ పట్టికలోనూ ఉండదు. మనం ‘వర్కెడ్’, ‘వాకెడ్’ అని కొత్త అక్షరం చేరుస్తాం, లేదా తోక మింగేసి ‘ఐ వాక్ టు ద బజార్’ అంటాం. వినేటప్పుడూ అంతే. మనవడు ‘వి వాక్‌ట్ టు ద పార్క్’ అంటే రెండు టకారాలు కలిసిపోయి, నడిచారో రోజూ నడుస్తారో నాకు తెలియక ప్రశ్న మళ్లీ అడిగేవాణ్ణి. వాక్యంలో ఉన్న కాలం చెవికి అందకపోతే నోటికి ఎలా వస్తుంది?

నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. శిక్షణ కేంద్రం మానేశాను. ఎనభై పేజీల నోటుపుస్తకంలో ప్రతి రాత్రి ఆ రోజు జరిగినవి ఐదు వాక్యాలు రాస్తాను. వాటిలో ఒకటి జరగని పని కావాలి, ఒకటి ఎవరినో అడిగిన ప్రశ్న కావాలి. రాశాక చూడకుండా పైకి చెబుతాను. మొన్నటి పేజీలో ఇలా ఉంది: ‘ఐ వెంట్ టు ద రైతుబజార్. ఐ బాట్ బీరకాయలు. ఐ డిడ్ నాట్ టేస్ట్ దెమ్. దే వర్ బిటర్. మై వైఫ్ ఆస్క్‌ట్, డిడ్ యు క్లోజ్ యువర్ ఐస్?’ మూడో వాక్యంలో మొదట ‘డిడ్ నాట్ టేస్టెడ్’ అని రాసి కొట్టేసిన గుర్తు ఇంకా ఉంది. అంటే పద్నాలుగో నెలలో కూడా చెయ్యి పాత దారినే పోతోంది, కన్ను మాత్రం పట్టుకుంటోంది. బీరకాయ నిజంగా చేదుగానే ఉంది, కూర పారబోశాం. నిజంగా జరిగిన సంగతి గనుక ఆ ఐదు వాక్యాలూ నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. ‘రామ వెంట్ టు స్కూల్’ అని పరీక్ష కోసం వందసార్లు రాసిన వాక్యంలో ఆ రాముడు ఎవరో, ఏ బడికి వెళ్లాడో ఎవరికీ పట్టదు.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చడం అలవాటైతే మాటలో వేగం రాదని కొందరు ఇంగ్లీషు ఉపాధ్యాయ మిత్రులు నాతో వాదించారు. వాళ్ల మాటలో నిజం ఉంది. ఎల్లకాలం అలా మార్చుకుంటూ కూర్చుంటే రైలు వెళ్లిపోతుంది. నేను కోరుతున్నది మాట్లాడే ప్రతిసారీ తెలుగు మీదుగా వెళ్లమని కాదు, తప్పు ఎక్కడ పుడుతోందో ఒక్కసారి తెలుగులో చూపించి ఆ తర్వాత సాధనకు వదిలేయమని. తప్పు పుట్టే చోటు తెలియకుండా చేసే సాధన తప్పునే గట్టిపరుస్తుంది. ‘డిడ్ నాట్ కేమ్’ అని ఐదేళ్లుగా గట్టిపడినవాళ్లు డిగ్రీ తరగతుల్లో ఎంతమంది ఉన్నారో ఆ మిత్రులకే బాగా తెలుసు.

అందుచేత మీ విద్యార్థి పేజీకి నా విన్నపం ఇది. వారానికి ఒకసారి పట్టికకు బదులు, పిల్లలు రోజూ చూసే సంగతి ఏదైనా ఎనిమిది పది తెలుగు వాక్యాల్లో మామూలు వాడుక భాషలో వేయండి. బడిలో ఆగస్టు పదిహేను జెండా వందనమో, వాన వల్ల ఆగిపోయిన క్రికెట్ ఆటో, సంతలో తప్పిపోయి దొరికిన మేకపిల్లో ఏదైనా ఫరవాలేదు. అందులో జరిగిన పనులు, జరగని పనులు, ఒకటి రెండు ప్రశ్నలు, ఒక ‘సరికి’, ఒక ‘వెళ్లేవాణ్ణి’ ఉండేలా చూడండి. పిల్లల్ని ఇంగ్లీషులో రాసి, ఇంట్లో ఎవరికైనా పైకి చెప్పమనండి. వచ్చే వారం ఒక నమూనా ఇంగ్లీషు పాఠం, దాని కింద తప్పు జరగడానికి వీలున్న రెండు మూడు చోట్ల తెలుగులో వివరణ ఇస్తే చాలు. మొదటి నాలుగు వారాలకు కావలసిన తెలుగు వాక్యాలు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను, దానికి ప్రతిఫలం అక్కర్లేదు. ఇంగ్లీషు నమూనా మాత్రం ఇంగ్లీషు తెలిసినవారి చేత రాయించుకోండి.

పట్టిక విషయంలో చిన్న సవరణ కూడా ఉంది. 67, 68 వరుసల్లో ‘లే’, ‘లై’ అనే రెండు క్రియల రూపాలు తారుమారయ్యాయి. పడుకోవడం అనే అర్థంలో లై, లే, లేన్. కింద పెట్టడం అనే అర్థంలో లే, లెయిడ్, లెయిడ్ అని ఉండాలి. పక్క వాటా అమ్మాయి సోమవారం పరీక్షకు మీ పట్టికే చదువుకుంటోంది గనుక, వీలైతే ఈ ఆదివారం సంచికలోనే సవరణ వేయగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తెనాలి.